మంద లెక్క, మండీ లెక్క

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి ఏడాది ఈ వేదిక మీద చదువుల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడుకోవడం మనకు అలవాటు. ఈసారి కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, "మాస్టర్ సాబ్, పల్లెల్లో వస్తున్న మార్పుల మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకుని బతికేవాళ్ళము. వ్యవసాయ శాస్త్రం చదివినవాళ్ళం కాము. అయితే మా తరగతిలో కసాయి దుకాణం వారి పిల్లలున్నారు, తోళ్ళ గోదాములో ఉప్పు చల్లేవారి పిల్లలున్నారు, సంతల వెంట తిరిగే బేపారుల పిల్లలున్నారు, హోటల్లో దేగ దించేవారి పిల్లలూ ఉన్నారు. వీరందరి ఇంటి పొయ్యి ఒకే ఒక్క జంతువు వల్ల వెలుగుతున్నది. ఆ జంతువు గొర్రె. అందుచేత ఈ పూట గొర్రెను గూర్చే మాట్లాడదలచాము. దయచేసి నవ్వకండి.

మనం నోటితో బక్రా అంటాము గాని, మన ప్రాంతంలో దేగలో పడేది ఎక్కువగా పొట్టేలే. 2019 పశుగణన ప్రకారం దేశం మొత్తం మీద గొర్రెలు 7 కోట్ల 42 లక్షలు. అందులో తెలంగాణలో 1 కోటి 91 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 1 కోటి 76 లక్షలు. రెండూ కలిపి చూడండి, దేశంలో ఉన్న గొర్రెల్లో సగానికి దగ్గరగా తెలుగు నేల మీదనే మేస్తున్నాయి. వాటిని మేపేది గొల్ల, కురుమ సోదరులు. కొని, కోసి, అమ్మి, తోలు ఎత్తేది చాలావరకు మన ఖురేషీ సోదరులు. ఎల్లమ్మ పండుగకో మల్లన్న పండుగకో యాటను కోయాలంటే తెలంగాణ పల్లెల్లో ఊరి ముల్లా సాబును పిలిచి హలాల్ చేయించే ఆచారం ఉన్నది. కాపరి మన బేపారిని "చాచా" అని పిలుస్తాడు, మనవాడు అతన్ని "మామా" అంటాడు. ఇన్ని తరాల వరస ఉండి కూడా, ఆ మామ ఏడాదికి ఎంత మిగుల్చుకుంటున్నాడో మనలో ఎవరూ లెక్క కట్టి చూడలేదు.

ముందు పాత కాలపు లెక్క చెబుతాము.

దక్కను పీఠభూమి గొర్రె నల్లగా, ముతక ఉన్నితో ఉంటుంది. దానికి దక్కనీ జాతి అని పేరు. అటు మహారాష్ట్ర, ఇటు కర్ణాటక, మధ్యలో మన మహబూబ్‌నగర్, మెదక్ వైపు మెట్ట భూములు దాని ఇల్లు. వానలు తక్కువ, రాళ్ళు ఎక్కువ. అయినా తట్టుకుంటుంది. ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. ఆ ఉన్నిని కురుమ ఇండ్లలో ఆడవాళ్ళు వడికేవారు, మగవాళ్ళు గుంట మగ్గం మీద నేసేవారు, చింతగింజల గంజి పెట్టి గట్టిపరిచేవారు. అదే గొంగడి. వానలో గొడుగు, చలిలో రగ్గు, పొలం దగ్గర పరుపు. గింజలు మూట గట్టుకోవడానికీ అదే.

రెండవ ఆదాయం ఎరువు. పంట కోసిన చెలకలో రాత్రిపూట మందను ఆపితే గొర్రె పెంటతో పాటు మూత్రం కూడా అదే మట్టిలోకి ఇంకుతుంది. బండి మీద తోలే పెంటలో ఆ మూత్రం బలం రాదు గదా! అందుకని రైతు స్వయంగా కాపరి ఇంటికి పోయి, "మా చేన్లో నాలుగు రాత్రులు మంద పెట్టు" అని అడిగేవాడు. రాత్రికి ఇంత అని జొన్నలో వడ్లో కొలిచి ఇచ్చేవాడు. కాపరి కుటుంబానికి తిండిగింజలు అలా సమకూరేవి. ఇక మూడవది పిల్లల అమ్మకం. పెండ్లి వచ్చినా, రోగమొచ్చినా, ఎద్దు చచ్చినా రెండు పొట్టేళ్ళు అమ్మితే పని గడిచేది. మంద అంటే వాళ్ళకు నడిచే బ్యాంకు.

ఈ మొత్తం వ్యవహారంలో కాపరికి సొంత భూమి ఉండాల్సిన అవసరం లేదు. వానాకాలంలో గుట్టలు, బీళ్ళు, బంచరాయి భూములు. కోతలయ్యాక కొయ్యకాలు మేసిన చేన్లు. ఎండాకాలంలో నది వైపు వలస. తుమ్మకాయలు రాలే రోజుల్లో తుమ్మచెట్ల కిందికి. కాలం ఒక చోటి నుండి తోలితే ఇంకొక చోట మేత సిద్ధంగా ఉండేది. హైదరాబాదు పరిసరాల్లో కంచ గచ్చిబౌలి, కంచ ఇమారత్ అనే పేర్లు వింటుంటాము. కంచ అంటే మేతకు వదిలిన భూమి. పేరు మాత్రమే మిగిలింది, ఇప్పుడు అక్కడ మేకపిల్ల నోరు పెట్టడానికీ సందు లేదు.

మార్పు ఏ ఒక్కరోజో రాలేదు. ఎవరో ఒకరు దుర్మార్గులు ఉండి తెచ్చిందీ కాదు. భూమి లేని పేదలకు ప్రభుత్వ భూమి పట్టాలు ఇచ్చారు. మంచి పనే, మనవాళ్ళకూ కొందరికి దక్కాయి. అయితే కాగితం మీద "ఖాళీ" అని రాసిన ఆ భూమిలో నూరేండ్ల నుండి మందలు మేస్తున్న సంగతి ఏ కాగితంలోనూ లేదు. తర్వాత బోర్లు వచ్చాయి. బోరున్న రైతు రెండో పంట వేస్తాడు, ఎండాకాలంలో కూడా చేను పచ్చగానే ఉంటుంది. ఆయనకు లాభం, కాని కొయ్యకాలు మేసే రెండు మూడు నెలలు కాపరి క్యాలెండరు నుండి ఎగిరిపోయాయి. జొన్న, సజ్జ, కొర్ర పోయి పత్తి వచ్చింది. జొన్న చొప్ప పశువు తింటుంది, పత్తి కట్టెను ఏ పశువు తినగలదు? మందు కొట్టిన చేను పక్క నుండి మందను తోలాలన్నా కాపరికి భయమే. ఆ తర్వాత మామిడి తోటలకు కంచెలు పడ్డాయి. ఆ వెనుకే ప్లాట్లకు రాళ్ళు పాతారు.

యూరియా సంగతి కూడా చెప్పాలి. 45 కిలోల బస్తా రైతుకు 270 రూపాయల లోపే దొరుకుతున్నది. మిగిలినదంతా ప్రభుత్వం భరిస్తుంది. ఆ చౌక బస్తా ముందు మంద ఎరువు నిలబడలేదు. కాపరి ఇంటికి వచ్చి బతిమాలిన రైతే, "మా చేను దాపుకు రావద్దు" అనే రోజులు వచ్చాయి. ఇప్పటికీ కొన్ని చోట్ల తోటల వారు, మట్టి చచ్చిపోయిందని గ్రహించిన రైతులు రాత్రికి ఇంత అని నగదు ఇచ్చి మంద పెట్టించుకుంటున్నారు. సంతోషమే. వారి సంఖ్య మాత్రం తక్కువ.

నీళ్ళు పెరిగిన కొద్దీ గొర్రెకు రోగాలూ పెరుగుతాయి. ఇది మేము పశువైద్యులను అడిగి తెలుసుకున్న విషయం. తడి నేలలో ఉండే నత్తల వల్ల కార్జానికి జలగ పడుతుంది. వానాకాలంలో చిన్న చిన్న దోమల వల్ల నీలినాలుక వస్తుంది. చిటుకు రోగం, పారుడు రోగం, గిట్టలు చీకడం వేరే. ఎండు నేలకు అలవాటుపడిన దక్కనీ గొర్రె కాలు బురదలో పెట్టాల్సి వచ్చింది.

ఉన్ని కథ ఇంకా చిన్నది. నైలాను రగ్గులు, పానిపట్టు నుండి వచ్చే చౌక కంబళ్ళు గొంగడిని తినేశాయి. ఏలూరులో మన ముస్లిం కుటుంబాలు తరతరాలుగా నేసిన ఉన్ని తివాచీలకు కూడా పాత గిరాకీ పోయింది. ఈ రోజు చాలా చోట్ల కత్తిరించే కూలీకి ఇచ్చే డబ్బు ఉన్ని అమ్మితే రాదు. కత్తిరించి పారబోస్తున్నారు. అందుచేత కాపరి ఉన్ని లేని గొర్రె వైపు, అంటే నెల్లూరు జాతి వైపు మళ్ళాడు. పొడుగాటి కాళ్ళు, ఎత్తయిన ఒళ్ళు, వెంట్రుకే గాని ఉన్ని లేదు. బేపారికి అది కంటికి ఇంపు, తూకానికి మేలు. కాబట్టి మందలో దక్కనీ పొట్టేలు స్థానంలో నెల్లూరు పొట్టేలు వచ్చింది. మూడు కాళ్ళ పీట లాంటి ఆదాయంలో ఉన్ని కాలు, ఎరువు కాలు విరిగి, మాంసం అనే ఒక్క కాలు మిగిలింది.

"మరి మాంసం కిలో ఎనిమిది వందలు దాటింది కదా మాస్టర్ సాబ్, కాపరి లక్షాధికారి అయి ఉండాలే?" అని ఎవరైనా అడగవచ్చు. మేము తొమ్మిదవ తరగతి పిల్లలకు ఇదే ప్రశ్న ఇచ్చి నల్లబల్ల మీద లెక్క చేయించాము. అంకెలు లెక్క కోసం అనుకున్నవి, ఏ ఒక్క కుటుంబానివీ కావు. ఆ లెక్క ఇదిగో.

ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు ఉన్నాయనుకోండి. చూడి కాలం అయిదు నెలలు. ఏడాదిలో పదహారు ఈనాయి. మూడు పిల్లలు చచ్చాయి. పదమూడు మిగిలాయి. ముసలి గొర్రెల స్థానంలో పెంచడానికి మూడు ఉంచుకుని పది అమ్మాడు. పదిహేను కిలోల పిల్ల, కిలో నాలుగు వందల చొప్పున ఆరు వేలు. మొత్తం అరవై వేలు. నెలకు అయిదు వేలు. ఇందులోనే మందులు, వలసలో మేత కోసం ఇచ్చే డబ్బు, దాణా, దారి ఖర్చులు. ఒక మనిషి 365 రోజులు సెలవు లేకుండా వెంట తిరిగితే వచ్చేది ఇది. మన బళ్ళో అటెండరు కూడా దీనికి ఒప్పుకోడు.

ఇప్పుడు ఒక పిల్లవాడు లేచి మంచి ప్రశ్న వేశాడు. ఎనభై గొర్రెలుంటే? ఆదాయం నాలుగింతలు, మనిషి మాత్రం ఒక్కడే లేక ఇద్దరు. ఇరవైకి తిరిగినంత దూరమే ఎనభైకీ తిరగాలి. కాబట్టి చిన్న మంద ఉన్నవాడికి రోజుకూలీ కూడా గిట్టదు, పెద్ద మంద ఉన్నవాడికి గిట్టుతుంది. అన్నదమ్ములు మందలు కలిపి వంతులవారీగా తిరిగేది అందుకే. పొత్తు చెదిరి, ఒక తమ్ముడు హైదరాబాదుకు వాచ్‌మన్ పనికి పోతే, మిగిలిన మంద సంతకు పోతుంది. జీతగాణ్ణి పెట్టుకుందామంటే దొరకడు. వెనుకటికి పదేండ్ల పిల్లవాడు మంద వెంట ఉండేవాడు. ఇప్పుడు ఆ పిల్లవాడు బడిలో ఉన్నాడు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చింది. మాస్టర్లుగా మేము దీనికి సంతోషించాలి, సంతోషిస్తున్నాము కూడా. ఆ పిల్లవాడి కూలి వెల ఇన్నాళ్ళూ మాంసం ధరలో ఎవరూ కట్టలేదు. ఇప్పుడు కట్టాల్సి వస్తున్నది.

అదే లెక్కలో ఇంకో మూడు పిల్లలు రోగంతో చస్తే పది అమ్మేచోట ఏడే అమ్ముతాడు. పద్దెనిమిది వేలు, అంటే ఆదాయంలో నూటికి ముప్పై పోయినట్టు. వాన కాలానికి ముందు చిటుకు రోగం టీకా, మూడేండ్లకోసారి పారుడు రోగం టీకా వేయించుకుంటే తప్పించుకోగల నష్టం. సమయానికి టీకా అందడం, అందకపోవడం మీద ఒక కుటుంబం అన్నం ఆధారపడి ఉన్నది.

ఇక మండీ లెక్కకు వద్దాము. పెబ్బేరు సంతలో గాని, మరెక్కడ గాని చూడండి. దళారి రుమాలు కప్పి దాని కింద వేళ్ళు పట్టి ధర చెబుతాడు. పక్కన నిలబడినవాడికి కూడా తెలియదు. జంతువును ఎత్తి చూసి, నడుము నొక్కి చూసి, కంటి అంచనాతో ధర కడతారు. మన బేపారుల కన్ను గొప్పదే, కాదనము. కాని పదిహేను కిలోల పిల్లను పదమూడు అని అంచనా వేస్తే కాపరికి ఎనిమిది వందలు పోయాయి. పదింటికి ఎనిమిది వేలు. కూరగాయలకు కాటా ఉన్నది, పాత ఇనుముకు కాటా ఉన్నది, ప్రాణమున్న జీవానికి మాత్రం అక్కరలేదా?

పిల్లను ముప్పై కిలోల దాకా పెంచి అమ్మితే రెట్టింపు వస్తుంది గదా అంటే, వస్తుంది. ఆగే ఓపిక అతనికి లేదు. జూన్‌లో విత్తనాలు, బడి ఫీజులు, అప్పు వడ్డీ ఒకేసారి మీద పడతాయి. బయానా ఇచ్చిన బేపారి ముందే కూర్చుని ఉంటాడు. అప్పు ఇచ్చినవాడే కొనేవాడు కూడా అయినప్పుడు ధర ఎవరి నోట్లో నుండి వస్తుందో మీకు తెలుసు.

ఇంత చెప్పి కసాయిని తిట్టి కూర్చుంటే అది న్యాయం కాదు. అతని లెక్క కూడా చూడాలి. ముప్పై కిలోల పొట్టేలును పన్నెండు వేలకు కొన్నాడు. మాంసం సగానికి కొంచెం తక్కువ, పధ్నాలుగు కిలోలు అనుకోండి. కిలో ఎనిమిది వందలకు అమ్మితే 11,200. తల, కాళ్ళు, కలేజీ, బోటీ కలిపి మరో పదిహేను వందలు వచ్చిందనుకున్నా 12,700. ఏడు వందలు మిగిలాయి. అందులో దుకాణం కిరాయి, కరెంటు, కుర్రవాడి జీతం, ఉద్దెర ఎగ్గొట్టినవాళ్ళ ఖాతా. పాత కాలంలో మాంసం డబ్బు పెట్టుబడికి సరిపోయేది, లాభం తోలులో ఉండేది. ఆ తోలు ఇప్పుడు పడిపోయింది.

ఇక్కడికి వచ్చాక మన సంఘం సంగతి చెప్పక తప్పదు. బక్రీదు నాడు ఇంటింటికీ తిరిగి తోళ్ళు సేకరించి, అమ్మి, పేద పిల్లల ఫీజులకు పుస్తకాలకు ఖర్చు పెట్టడం మనకు ఎప్పటినుండో ఉన్న పద్ధతి. ఇక్కడ కూర్చున్న యువకుల్లో కొందరు ఆ డబ్బుతో చదివినవారే. మన ప్రాంతపు తోళ్ళు తమిళనాడులోని రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి తోలు పరిశ్రమలకు పోయేవి. వందల్లో పలికిన తోలు ఇప్పుడు పదుల్లోకి దిగింది. కారణాలు ఒకటి రెండు కావు. కృత్రిమ తోలు, బట్టతో చేసే బూట్లు వచ్చాయి. విదేశీ గిరాకీ తగ్గింది. తోలు శుద్ధి చేసే నీటి కాలుష్యం మీద 1996లో సుప్రీంకోర్టు గట్టి తీర్పు ఇచ్చిన తర్వాత పరిశ్రమల ఖర్చులు పెరిగాయి. ఆ తీర్పు సబబైనదే, పాలార్ నది చచ్చిపోతుంటే చూస్తూ ఊరుకోలేరు గదా. ఏమైనా ఫలితం మనకు చేరింది. కొన్ని గంటల్లో ఉప్పు పట్టించకపోతే తోలు కుళ్ళుతుంది. ఉప్పు, ఆటో, కూలీ కలిపితే తోలు ధర కంటే ఎక్కువవుతున్నది. గత కొన్ని ఏళ్ళుగా మన పిల్లలు సేకరించిన తోళ్ళలో కొన్ని పూడ్చిపెట్టాల్సి వచ్చిన సంగతి కార్యవర్గానికి తెలుసు. కురుమ సోదరుడు ఉన్నిని ఎందుకు పారబోస్తున్నాడో ఇప్పుడు మనకు అర్థమవ్వాలి.

ప్రభుత్వాలు ఊరుకున్నాయని అనలేము. 1980 నుండి సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం కింద బ్యాంకు అప్పు, సబ్సిడీ కలిపి పేదలకు గొర్రెలు ఇచ్చారు. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచే పథకం మొదలుపెట్టింది. యూనిట్ వెల 1,25,000. అందులో నూటికి డెబ్భై అయిదు సబ్సిడీ, లబ్ధిదారుడు కట్టేది 31,250. గొర్రెలను పొరుగు రాష్ట్రాల నుండి కొని తెచ్చారు. 2012లో 1 కోటి 28 లక్షలున్న గొర్రెలు 2019కి 1 కోటి 91 లక్షలైనాయి. చాలా కుటుంబాలకు మేలు జరిగింది. ఇచ్చినవే మళ్ళీ అమ్ముడయ్యాయని, కాగితం మీదే కొనుగోళ్ళు జరిగాయని ఆరోపణలూ వచ్చాయి. 2024లో అవినీతి నిరోధక శాఖ దర్యాప్తు దాకా పోయింది. మా అభిప్రాయంలో అవినీతి కంటే పెద్ద సమస్య మరొకటున్నది. గొర్రె ఇచ్చారు గాని గడ్డి ఇవ్వలేదు. పది మందలు మేసే గుట్ట మీద పదిహేను మందలు పోతే పదిహేనూ బక్కచిక్కుతాయి. పైగా ఇరవై గొర్రెలతో ఒక మనిషికి పూర్తి జీవనం రాదని తొమ్మిదవ తరగతి పిల్లలే తేల్చారు.

దొడ్డిలో కట్టి మేపమని ఇప్పుడు సలహా ఇస్తున్నారు. సుబాబుల్, అవిశ, స్టైలో గడ్డి, వేరుశనగ కట్టె, కంది పొట్టు. నీళ్ళు, ఎకరమో అరెకరమో భూమి ఉన్నవాడు చేయగలడు. భూమి లేని కాపరి ఏం చేస్తాడు? వాడి మేత రోడ్డు పక్కన, చెరువు కట్ట మీద, మిగిలిన ఆ కాస్త బంచరాయిలో ఉన్నది. పంచాయితీలు దాన్నైనా కొలిచి, హద్దులు పాతి, మేతకు అని రాసి ఉంచాలి. మన సభ్యుల్లో వార్డు మెంబర్లు, ఒకరిద్దరు ఉపసర్పంచులు ఉన్నారు. వారు ఈ విషయం గ్రామసభలో ఎత్తాలని మనవి.

మన చేతిలో ఉన్నంతవరకు రెండు పనులను కార్యవర్గం ముందు పెట్టాము. మొదటిది, వచ్చే బక్రీదుకు సభ్యులకు కావలసిన జీవాలను సంఘమే చుట్టుపక్కల గొర్రెల పెంపకందారుల సహకార సంఘాల నుండి నేరుగా కొనాలి. కాటా వేసి, అందరి ఎదుట ధర చెప్పి, రుమాలు లేకుండా. ప్రాణమున్న జీవాన్ని తూకం మీద కొనడం గురించి మౌలానాలను ముందే అడిగి, వారు చెప్పిన పద్ధతిలోనే బేరం ఖరారు చేయాలి. మన ఖురేషీ సోదరులను దూరం పెట్టే ఆలోచన ఎంతమాత్రం లేదు. జీవాన్ని చూసి ఆరోగ్యం, పళ్ళు, వయసు చెప్పగలిగింది వారే. దానికి వారికి ఇంత అని కూలి కట్టి ఇవ్వాలి. కాపరికి జూన్ అవసరం తీరేలా బయానా సంఘం నుండి వడ్డీ లేకుండా ముందే ఇవ్వగలిగితే, అతను పిల్లను పదిహేను కిలోలకే అమ్మే బాధ తప్పుతుంది. ఆ బయానాకు సొమ్ము ఎక్కడిదని కోశాధికారిగారు మా వైపు చూస్తున్నారు. ఇష్టమున్న సభ్యులు తమ జీవం ఖరీదులో కొంత నాలుగు నెలల ముందే జమ చేస్తే అదే బయానా అవుతుంది.

రెండవది తోళ్ళు. ఇంటింటికీ తిరిగి సాయంత్రానికి తెచ్చే పద్ధతి మాని, రెండు మూడు చోట్ల మాత్రమే ఖుర్బానీ ఏర్పాటు చేసి, అక్కడికక్కడే ఉప్పు పట్టించాలి. కత్తి గాటు పడని తోలుకు ఇప్పటికీ ఎంతో కొంత ధర ఉన్నది. అయినా స్కాలర్‌షిప్ నిధిని ఇకముందు తోళ్ళ మీద నడపలేము. నెలకు ఇంత అని చందా రాసే పుస్తకం ఒకటి తెరిచాము, అది ఈ సభ తర్వాత గుమ్మం దగ్గర బల్ల మీద ఉంటుంది.

జీవం కావలసినవారు రంజాన్ పండుగ తర్వాత పదిహేను రోజుల లోపు కార్యాలయంలో పేరు ఇవ్వాలి. కాటాను బియ్యం దుకాణం వారు ఒక రోజుకు ఇస్తామన్నారు. దాన్ని మోసుకుని తీసుకురావడానికి నలుగురు యువకులు కావాలి.